షుగరు పైకి... కిడ్నీ కిందికి!

పెద్దవయసులో జ్వరమో, విరేచనాలో పట్టుకుంటే ఇంట్లోవాళ్ల దృష్టంతా వాటి మీదే ఉంటుంది. లోపల కిడ్నీలు చడీచప్పుడు లేకుండా చతికిలబడుతున్న సంగతి రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. అలాంటి సమయంలో రక్తంలో చక్కెర బాగా పెరిగిందంటే ఒంట్లో ఏదో పెద్ద ఇబ్బందే నడుస్తోందని అర్థం. దాన్ని 'ఈ వయసులో మామూలేలే' అని కొట్టిపారెయ్యటానికి లేదు.

ఆవిడకు డెబ్భై నాలుగేళ్లు. బీపీ తప్ప మరే జబ్బూ లేదు. మూడు రోజులుగా జ్వరం, వాంతులు. ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటూ, బీపీ బిళ్ల కూడా మానకుండా, నీళ్లు మాత్రం సరిగా తాగకుండా మంచాన పడి ఉంది. ఆసుపత్రికి తీసుకొస్తే రక్తపరీక్షల్లో రెండు అంకెలు కనబడ్డాయి. చక్కెర 286. క్రియాటినైన్ 1.3.

'అమ్మకు షుగరు ఎప్పుడూ లేదండీ. ఈ రిపోర్టు ఇంకెవరిదో అయ్యుంటుంది' అన్నాడు కొడుకు. 'క్రియాటినైన్ కాస్తే కదా ఎక్కువ. అత్తయ్యకు మూత్రం కూడా బాగానే వస్తోంది' అని ధైర్యం చెప్పుకొంది కోడలు. మూడో రోజుకు క్రియాటినైన్ 3.4కు చేరింది. మూత్రం బాగా తగ్గిపోయింది. మనిషి మగతలోకి జారుకుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. పేర్లు, ఊళ్లు మారతాయంతే... పెద్దాసుపత్రుల వార్డుల్లో తరచూ కనబడే దృశ్యమే ఇది. ఆ కొడుకు పొరబడ్డాడు, కోడలూ పొరబడింది. కానీ వాళ్ల తప్పేం లేదు. పెద్దవయసులో ఈ అంకెలు చెప్పేది ఒకటి, పైకి అనిపించేది మరొకటి!

ఏమిటీ హఠాత్తు దెబ్బ?

ఏళ్ల తరబడి మధుమేహం, బీపీ వంటి వాటితో కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతినటం ఒక రకం. గంటల్లో, రోజుల్లోనే పని మందగించటం మరో రకం. ఈ రెండోదాన్నే వైద్యులు అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటారు. క్లుప్తంగా ఏకేఐ. దీన్ని ఎలా గుర్తించాలన్న దానిపై 'కేడిగో' అనే అంతర్జాతీయ సంస్థ 2012లో స్పష్టమైన లెక్క ఇచ్చింది. క్రియాటినైన్ 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో అంతకు ముందున్న దానికి ఒకటిన్నర రెట్లయినా, ఆరు గంటల పాటు మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు కన్నా తగ్గినా ఏకేఐ కిందే లెక్క. అంటే 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లయినా రావాలన్న మాట.

ఈ ముప్పు పెద్దలకే ఎందుకు ఎక్కువ? వయసు పెరిగేకొద్దీ కిడ్నీల్లో వడపోత సామర్థ్యం సహజంగానే తగ్గుతూ వస్తుంది. దాహం తెలియటమూ తగ్గుతుంది. ఒంట్లో నీటి నిల్వలు తక్కువ. దీనికి తోడు బీపీ, గుండె, కీళ్లనొప్పులంటూ రోజూ గుప్పెడు మాత్రలు. యువకుల్లో రెండు రోజుల విరేచనాలకు కిడ్నీలు తట్టుకుని నిలబడతాయి. డెబ్భై దాటిన వారిలో అవే విరేచనాలు వాటిని కూలదొయ్యగలవు. ఎండ దెబ్బ, న్యుమోనియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పెద్ద ఆపరేషన్, పురుషుల్లో ప్రోస్టేటు ఉబ్బి మూత్రం అడ్డుపడటం... కారణం ఏదైనా కావచ్చు.

ఆలస్యంగా చెప్పే అంకె

కిడ్నీ పనితీరు తెలుసుకోవటానికి అందరూ చేయించుకునేది క్రియాటినైన్ పరీక్షే. ఇది మంచి పరీక్షే గానీ పెద్దవాళ్లలో, అదీ హఠాత్తుగా దెబ్బ తగిలినప్పుడు దీనికి రెండు లోపాలున్నాయి.

మొదటిది ఆలస్యం. క్రియాటినైన్ అంటే కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కిడ్నీ దాన్ని బయటకు పంపటం తగ్గించాక రక్తంలో కొద్దికొద్దిగా పోగవుతుంది. తూముకు అడ్డుపడ్డ వెంటనే తొట్టి నిండదు కదా. అలాగే దెబ్బ ఇవాళ తగిలితే క్రియాటినైన్ స్పష్టంగా పెరిగేది రేపో, ఎల్లుండో.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. వయసు మీదపడ్డ వాళ్లకు కండ తక్కువ. కండ తక్కువైతే క్రియాటినైన్ తయారీయే తక్కువ. కాబట్టి కిడ్నీ సగం పని మానేసినా రిపోర్టులో అంకె 'నార్మల్'కు దగ్గర్లోనే కనబడొచ్చు. ఆ పెద్దావిడ విషయంలో జరిగింది ఇదే. పెద్ద డాక్టరు కొడుకుని ఒకటే అడిగారు... 'బాబూ, అమ్మగారి పాత రిపోర్టులేమైనా ఉన్నాయా?' బీరువాలో వెతికితే ఎనిమిది నెలల కిందటి కాగితం దొరికింది. అందులో క్రియాటినైన్ 0.7. అంటే ఆసుపత్రికి వచ్చేనాటికే అది దాదాపు రెట్టింపైంది! ఆ పాత కాగితం పక్కన పెట్టి చూస్తే గానీ 1.3 ఎంత పెద్ద అంకో తెలియలేదు.

రిపోర్టుల్లో క్రియాటినైన్ పక్కనే 'ఈజీఎఫ్ఆర్' అని మరో అంకె వేస్తుంటారు. కిడ్నీల వడపోత ఎంత ఉందో అంచనా వేసే లెక్క అది. క్రియాటినైన్ నిలకడగా ఉన్నప్పుడే అది పనికొస్తుంది. రోజురోజుకూ మారిపోతున్నప్పుడు ఆ లెక్కను నమ్ముకోవటానికి లేదు.

షుగరు లేని వారికి 286 ఎందుకు?

ఇక రెండో అంకె. తీవ్రమైన జబ్బు చేసినప్పుడు శరీరం కార్టిజాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ వంటి హార్మోన్లను పెద్దఎత్తున వదులుతుంది. ఇవి కాలేయాన్ని తొందరపెట్టి రక్తంలోకి చక్కెరను తోడిస్తాయి. అదే సమయంలో ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు. దాంతో మధుమేహం లేని వారిలో కూడా చక్కెర ఎగబాకుతుంది. జబ్బు ఒత్తిడి వల్ల వచ్చిన షుగరు ఇది. ఆసుపత్రిలో ఉన్న వారికి చక్కెర 140 దాటితే ఎక్కువగానే పరిగణిస్తారు.

ఇదొక్కటే కారణం కానక్కర్లేదు. ఎన్నాళ్లుగానో ఉండి బయటపడని మధుమేహం కావచ్చు. ఆయాసానికి ఇచ్చిన స్టిరాయిడ్లు కావచ్చు. చేతికి పెట్టిన గ్లూకోజు సీసా అయినా కావచ్చు. వీటిని విడదీసి చూడటానికి తోడ్పడేది హెచ్‌బీఏ1సీ పరీక్ష. గత రెండు మూడు నెలల సగటు చక్కెర ఎంతో ఇది చెబుతుంది. 6.5 శాతం, అంతకు మించి ఉంటే మధుమేహం ముందు నుంచీ ఉన్నట్టే. అయితే రక్తహీనత బాగా ఉన్నా, ఈమధ్యే రక్తం ఎక్కించినా ఈ అంకె తప్పుదోవ పట్టించవచ్చు.

ఇక్కడో ఆసక్తికరమైన లెక్కుంది. ఆసుపత్రిలో చేరేనాటికి ఇద్దరికి చక్కెర 286 ఉందనుకుందాం. ఒకరి హెచ్‌బీఏ1సీ 10. అంటే ఆయన సగటు చక్కెర 240 దాకా ఉంటోంది. మామూలుగా ఉండేదానికి ఇప్పుడు పెరిగింది కాస్తే. రెండో వారి హెచ్‌బీఏ1సీ 5.6. అంటే సగటు 114. ఆ లెక్కన ఇప్పుడు రెండున్నర రెట్లు పెరిగింది! అంకె ఒకటే గానీ శరీరం పడుతున్న ఒత్తిడి రెండో వారిలోనే ఎక్కువ. ఇలా ఇప్పటి చక్కెరను మామూలు సగటుతో పోల్చే నిష్పత్తికి ప్రాముఖ్యముందని, గుండెపోటు వంటి తీవ్ర జబ్బులతో చేరిన వారిలో ఇది ఎక్కువున్న కొద్దీ కిడ్నీ దెబ్బ, ప్రాణాపాయం ఎక్కువగా కనబడుతున్నాయని పరిశోధకులు గమనించారు.

'మాకు షుగరు లేదు, ఇది తాత్కాలికమేలే' అని ఊరట పడటానికి లేదనేది ఇందుకే. అమెరికాలోని అట్లాంటాలో ఒక ఆసుపత్రిలో చేరిన 2030 మంది రికార్డులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం వెలువరించారు. చక్కెర మామూలుగా ఉన్నవారిలో మరణాలు 1.7 శాతం. ముందు నుంచీ మధుమేహం ఉన్నవారిలో 3 శాతం. అంతకు ముందు షుగరు లేకుండా ఆసుపత్రిలోనే కొత్తగా చక్కెర పెరిగినట్టు తేలిన వారిలో ఏకంగా 16 శాతం! అన్ని మరణాలకూ చక్కెరే కారణమని కాదు. లోపలి జబ్బు ఎంత తీవ్రంగా ఉందో అది పట్టి చూపిస్తోందన్న మాట.

మూత్రం వస్తున్నా మోసమే!

పెరిగిన చక్కెర కేవలం హెచ్చరికే కాదు, కిడ్నీని స్వయంగా కూడా ఇబ్బంది పెడుతుంది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని పూర్తిగా వెనక్కి పీల్చుకోలేక మూత్రంలోకి వదిలేస్తాయి. పెద్దవాళ్లలో ఈ హద్దు ఇంకాస్త పైనే ఉండొచ్చు. అలా పోయే చక్కెర తన వెంట నీటిని, లవణాలను లాక్కుపోతుంది. అసలే వాంతులతో నీరు పోయిన ఒంట్లోంచి ఇంకా నీరు పోతుంది. దాంతో కిడ్నీలకు రక్తసరఫరా మరింత పడిపోతుంది.

కోడలు పడ్డ పొరబాటు ఇక్కడే. మూత్రం ధారాళంగా వస్తోంది కాబట్టి కిడ్నీలు బాగున్నట్టేనని అనుకుంది. కానీ ఆ మూత్రం చక్కెర లాక్కొచ్చిన నీరు. నాలుక ఎండిపోయి, కళ్లు లోతుకు పోయి ఉన్న మనిషికి మూత్రం ఎక్కువగా వస్తోందంటే సంతోషించాల్సింది కాదు, వెంటనే చక్కెర చూడాల్సిన సందర్భమది. కొందరు పెద్దల్లో చక్కెర 600 దాటిపోయి, మగత, అయోమయంతో ప్రాణాల మీదికి రావటమూ ఉంటుంది. అలాంటి వారిలో కిడ్నీలు కూడా దెబ్బతినటం తరచూ చూసేదే.

తగ్గిందని సంబరపడొద్దు

కథ ఇంతటితో అయిపోలేదు. కిడ్నీ దెబ్బ ముదిరేకొద్దీ పెరిగిన చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం మొదలవుతుంది. ఎందుకంటే ఒంట్లోని ఇన్సులిన్‌ను విరిచి బయటకు పంపే పనిలో కిడ్నీలది పెద్ద భాగం. అవి మందగిస్తే నిన్న ఇచ్చిన ఇన్సులిన్ మోతాదే ఇవాళ ఎక్కువైపోతుంది. గ్లైబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రల ప్రభావం కూడా రోజుల తరబడి ఒంట్లో నిలిచిపోతుంది. పైగా ఉపవాసంలో చక్కెరను తయారుచేసి ఇచ్చే అవయవాల్లో కిడ్నీ కూడా ఒకటి. ఆ ఆసరా కూడా తగ్గుతుంది. తిండి ఎలాగూ సరిగా ఉండదు.

చక్కెర పడిపోతే వయసులో ఉన్నవారికి చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. పెద్దవాళ్లలో ఇవేవీ లేకుండా తికమకగా మాట్లాడటం, మగతగా పడుకోవటం, పడిపోవటమే కనబడొచ్చు. 'నీరసంగా ఉందేమో, పడుకోనిద్దాం' అని వదిలేస్తే ముప్పే. ఆ సమయంలో వేలి మొన నుంచి చుక్క రక్తం తీసి చక్కెర చూడటానికి నిమిషం పట్టదు.

మరి ఎంతలో ఉంచాలి? దీనిపై వైద్యరంగం ఒక పెద్ద పాఠమే నేర్చుకుంది. బెల్జియంలోని లూవెన్‌లో చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నవారికి ఇన్సులిన్‌తో చక్కెరను 80-110 మధ్య కట్టడి చేస్తే మరణాలు, డయాలసిస్ అవసరం కూడా తగ్గాయని అది చెప్పింది. చాలాచోట్ల ఆ దారే పట్టారు. కానీ 2009లో 'నైస్-షుగర్' అనే మరింత పెద్ద అధ్యయనం వెలువడింది. అందులో ఆరు వేల మందికి పైగా రోగులున్నారు. గట్టి కట్టడిలో ఉన్నవారిలో 27.5 శాతం చనిపోతే, చక్కెరను 180 లోపు ఉంచి సరిపెట్టిన వారిలో 24.9 శాతమే చనిపోయారు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవటం మొదటి వర్గంలో 6.8 శాతం, రెండో వర్గంలో 0.5 శాతం. అందుకే ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్న ఎక్కువమందికి 140-180 మధ్య ఉంచితే చాలని భావిస్తున్నారు. 'డాక్టరుగారూ, ఇంకా 165 ఉందేమిటి?' అని కంగారుపడాల్సిన పని లేదు.

ముందే పట్టిచ్చే కొత్త పరీక్షలు

గుండెపోటు వస్తే 'ట్రోపోనిన్' పరీక్షతో గంటల్లోనే తెలిసిపోతుంది. కిడ్నీకీ అలాంటిది కావాలన్న వెతుకులాట చాలాకాలంగా సాగుతోంది. దెబ్బ తగిలిన కిడ్నీ కణాలు మూత్రంలోకి, రక్తంలోకి వదిలే ప్రొటీన్లను పసిగట్టటమే దీనికి మార్గం. వీటినే బయోమార్కర్లంటారు.

వీటిలో పేరున్నది 'ఎన్‌గాల్'. అమెరికాలోని సిన్సినాటిలో గుండె ఆపరేషన్ చేయించుకున్న 71 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2005లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. కిడ్నీ దెబ్బతిన్న పిల్లల్లో క్రియాటినైన్ పెరగటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడితే, మూత్రంలో ఎన్‌గాల్ రెండు గంటల్లోనే పెరిగింది. 'కిమ్-1' అనేది మరొకటి. 'టింప్-2', 'ఐజీఎఫ్‌బీపీ-7' అనే రెంటినీ కలిపి చూసే మూత్ర పరీక్షకు 2014లో, పిల్లల్లో, 21 ఏళ్ల లోపు వారిలో ఎన్‌గాల్ పరీక్షకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది.

మరి వీటిని పెద్దవాళ్లందరికీ చేయించేస్తే సరిపోదా? సమస్యంతా అక్కడే ఉంది. ఆ పిల్లల్లో దెబ్బ తగిలిన గడియ కచ్చితంగా తెలుసు. వారికి వేరే జబ్బులు లేవు. పెద్దవాళ్లలో అలా కాదు. ఎన్‌గాల్ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకినా పెరుగుతుంది. ఏళ్లుగా మధుమేహంతోనో, మరోరకంగానో కిడ్నీలు దెబ్బతిని ఉంటే ముందు నుంచే ఎక్కువగా ఉండొచ్చు. కాబట్టి ఒక్క అంకె చూసి తేల్చెయ్యటం కష్టం.

కాస్త అందుబాటులో ఉన్నది 'సిస్టాటిన్-సి' రక్తపరీక్ష. ఇది కండ మీద పెద్దగా ఆధారపడదు కాబట్టి బక్కచిక్కిన పెద్దల్లో కిడ్నీ పనితీరును క్రియాటినైన్ కన్నా మెరుగ్గా చెప్పగలదు. అయితే స్టిరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ సమస్య ఉన్నా ఇదీ తేడా చూపిస్తుంది. ఖరీదైన పరీక్ష చేయించలేకపోయామని బాధపడక్కర్లేదు. రోజూ క్రియాటినైన్, పొటాషియం, మామూలు మూత్రపరీక్ష, గంటగంటకూ మూత్రం కొలత, ఒక అల్ట్రాసౌండ్ స్కానింగ్... వీటితో, పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూసే డాక్టరుకు చాలా సంగతులు తెలుస్తాయి.

ఇంట్లోవాళ్లు చెయ్యాల్సింది

* అరవై దాటిన ప్రతి ఒక్కరికీ ఒంట్లో బాగున్నప్పుడే ఏడాదికోసారి క్రియాటినైన్, మూత్రపరీక్ష, షుగరు చేయించి ఆ కాగితాలు ఒక ఫైల్లో భద్రంగా ఉంచాలి. ఆపద వేళ వాటికి మించిన బయోమార్కర్ లేదు!

* వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండీ నీరూ పోనప్పుడు కొన్ని మందులు తాత్కాలికంగా ఆపాల్సి రావొచ్చు. మెట్‌ఫార్మిన్, 'గ్లిఫ్లోజిన్' రకం షుగరు మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు, నీరు పోయేందుకిచ్చే మాత్రలు వీటిలో ముఖ్యం. ఏవి ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది డాక్టరును ముందే అడిగి రాయించుకోవాలి. ఇన్సులిన్‌ను మాత్రం సొంతంగా పూర్తిగా మానెయ్యకూడదు.

* డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు పెద్దవాళ్లకు దుకాణంలో అడిగి తెచ్చి ఇవ్వొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీలకు గొడ్డలిపెట్టు.

* షుగరు ఉందన్న భయంతో విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ మానెయ్యొద్దు. లీటరులో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే. గుండె వైఫల్యం ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి. కిడ్నీ దెబ్బతిన్నదని తేలాక కొబ్బరినీళ్లు, పళ్లరసాలు అడక్కుండా ఇవ్వొద్దు. వాటిలోని పొటాషియం గుండెకు ముప్పు తేవొచ్చు.

* మూత్రం తగ్గినా, మరీ ఎక్కువగా వస్తున్నా, మనిషి మగతగా, తికమకగా ఉన్నా ఉదయం దాకా ఆగొద్దు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి.

ఇంటికొచ్చాక కూడా...

ఆ పెద్దావిడకు ఇన్‌ఫెక్షన్‌కు మందులు, సెలైన్, జాగ్రత్తగా ఇన్సులిన్ ఇచ్చారు. నొప్పి మాత్రలు, బీపీ బిళ్ల ఆపారు. ఆరో రోజుకు మూత్రం తేరుకుంది. డయాలసిస్ అవసరం రాలేదు. 'గండం గడిచింది' అని అంతటితో మర్చిపోతే మాత్రం పొరబాటే. ఒకసారి హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు పూర్తిగా కోలుకున్నాయో లేదో మూడు నెలలకు తప్పనిసరిగా చూడాలి. కొందరిలో అదే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు నాంది అవుతుంది. జబ్బు సమయంలో చక్కెర పెరిగిన వారికి తర్వాత మధుమేహం వచ్చే అవకాశాలు ఎక్కువ కాబట్టి దాన్నీ మళ్లీ పరీక్షించుకోవాలి.

మూడు నెలలకు చూస్తే ఆవిడకు పరగడుపు చక్కెర 104. క్రియాటినైన్ 0.9. పాత 0.7కు పూర్తిగా రాలేదు. కొడుకు ఆ కాగితాన్ని పాత కాగితం మీదే ఉంచి ఫైల్లో పెట్టాడు. ఈసారి బీరువా అడుగున కాదు, చేతికందే పై అరలో.